దుంగల ఇంటికి కొత్త స్టెయిన్ వేసే ముందు పాత పూత తీయడం ఎలా?

దుంగల గోడకు వేసిన స్టెయిన్ (చెక్కలోకి ఇంకి రంగు, రక్షణ ఇచ్చే పూత) రెండేళ్లు తిరక్కుండానే పెచ్చులు లేచిందంటే, చాలాసార్లు తప్పు ఆ స్టెయిన్‌ది కాదు. దాని కింద మిగిలిపోయిన పాత పూతది. స్టెయిన్‌కి పట్టు దొరకాలంటే అది చెక్కలోకి కొంతైనా ఇంకాలి. పాత పూత అడ్డం ఉన్నచోట అది పైపైనే ఆరిపోతుంది. తర్వాత ఎండకూ వానకూ చెక్క ఉబ్బుతూ కుంచించుకుపోతూ ఉంటే, ఆ పైపొర పగిలి ఊడి వచ్చేస్తుంది. కాబట్టి గోడ కంటికి శుభ్రంగా కనిపించినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. నీళ్లు చల్లితే గోడంతా ఒకే తీరుగా పీల్చుకోవాలి. అందుకే మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా నీళ్ల స్ప్రే సీసా ఒకటి దగ్గర ఉంచుకోండి. ఈ పనిలో దానికంటే నమ్మదగిన పరికరం లేదు.

అసలు తీయాలా, కడిగితే సరిపోతుందా?

ముందు ఇది తేల్చుకోవాలి. పూత పూర్తిగా తీయడం ఇంటికీ మనిషికీ కూడా శ్రమే. అవసరం లేనిచోట ఆ పని పెట్టుకోకూడదు.

గోడ మీద నీళ్లు చల్లి ఒక నిమిషం చూడండి. చుక్కలు ముత్యాల్లా నిలబడితే పూత ఇంకా బతికే ఉంది. ఇంకిపోయి చెక్క రంగు ముదిరితే అక్కడ పూత అరిగిపోయింది. తర్వాత పదునైన బ్లేడుతో పూత మీద ఇంటూ గుర్తులా చిన్న గాటు పెట్టి, గట్టి టేపు అతికించి, వేలితో బాగా రుద్ది ఒక్కసారిగా లాగండి. టేపుకు రంగు రేకులు అంటుకుని వస్తే ఆ పూత మీద ఏం వేసినా నిలవదు, తీయాల్సిందే. టేపు శుభ్రంగా వచ్చి, రంగు మాత్రమే వెలిసి ఉండి, మళ్లీ అదే రకం స్టెయిన్ వేయాలనుకుంటే కడిగి ఆరబెట్టి పైన ఒక కోటు వేస్తే చాలు.

ఈ పరీక్ష ప్రతి గోడకూ విడిగా చేయండి. రోజంతా ఎండ కాచే గోడకూ, వరండా చూరు కింద నీడలో ఉన్న గోడకూ పోలికే ఉండదు. ఒకే గోడలో కూడా వాన చిందులు పడే కింది రెండు మూడు దుంగలు, చూరు కిందున్న పై దుంగలు వేరువేరుగా ఉంటాయి.

పాత పూత ఏ రకమో తెలిస్తే దేనితో తీయాలో తెలుస్తుంది. దూదిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి అర నిమిషం గట్టిగా రుద్దండి. పూత మెత్తబడి జిగటగా దూదికి అంటితే అది నీళ్లతో కలిపే యాక్రిలిక్ రకం. ఏమీ కదలకపోతే ఆయిల్ రకమో, ఆల్కిడ్ రకమో, వార్నిషో అయి ఉండే అవకాశం ఎక్కువ. గోరుతో గీకితే రేకు లేవకుండా, చెక్కే రంగు పట్టినట్టుంటే అది లోపలికి ఇంకే నూనె స్టెయిన్. అన్నిటికంటే తేలిగ్గా వదిలేది అదే. ఇల్లు పాతదై, దుంగల మీద చిక్కటి పెయింటు ఉంటే గీకే ముందు సీసం ఉందేమో పరీక్ష చేయించండి. సీసం ఉన్న పెయింటును పొడిగా రాపిడి చేయడం, గాలితో రవ్వ కొట్టడం రెండూ కూడవు. అది శిక్షణ ఉన్నవాళ్లకే అప్పగించాల్సిన పని.

ఇదే చేత్తో ఒక సన్నటి ఆర (చెప్పులు కుట్టేవాళ్లు వాడే మొనదేలిన పనిముట్టు) పట్టుకుని కింది వరస దుంగలు, గోడ దాటి బయటికి పొడుచుకొచ్చిన దుంగ కొసలు, కిటికీల కింది భాగాలు గుచ్చి చూడండి. మంచి చెక్కలో ఆర మొన కొద్దిగా దిగి ఆగిపోతుంది. సులువుగా లోపలికి జారితే ఆ చెక్క పుచ్చింది. దాన్ని ముందే బాగుచేయించండి. పుచ్చిన చోట ప్రెజర్ వాషర్ (నీళ్లను ఒత్తిడితో చిమ్మే యంత్రం) పెడితే గుంట పడుతుంది.

కొలత దగ్గర జరిగే పొరపాటు

గోడ పొడవును ఎత్తుతో గుణించి సరుకు కొంటే సగంలో అయిపోతుంది. దుంగ గుండ్రంగా ఉంటుంది కదా. ఒక దుంగ పై అతుకు నుంచి కింది అతుకు దాకా వంపు వెంట గుడ్డ టేపు పెట్టి కొలవండి. తర్వాత అదే దూరాన్ని నిటారుగా కొలవండి. ఉదాహరణకు వంపు వెంట 11 అంగుళాలు, నిటారుగా 8 అంగుళాలు వస్తే నిష్పత్తి దాదాపు 1.4. అంటే 30 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గోడ 300 చదరపు అడుగులు కాదు, సుమారు 410. తలుపులు, కిటికీలు తీసేసి, దుంగ కొసలు కలుపుకోండి. పూత తీసే రసాయనం లీటరుకు ఇంచుమించు 25 నుంచి 40 చదరపు అడుగులు వస్తుంది. మొండి పూతకు రెండుసార్లు పూయాల్సి రావచ్చు.

ఏ దారిలో తీయాలి?

రసాయనం పూసి కడగడం, గాలి ఒత్తిడితో గరుకు రవ్వ (సన్నటి పలుకులు) కొట్టడం, ఉప్పు కాగితంతో రుద్దడం. ఉన్నవి ఈ మూడు దారులే. నూనె స్టెయిన్లకు, ఒకటి రెండు పొరలకు రసాయనం మంచిది. ఏళ్ల తరబడి ఒకదాని మీద ఒకటి పేరుకున్న పొరలకు, రసాయనానికి లొంగని యాక్రిలిక్ పూతలకు రవ్వే నయం. ఉప్పు కాగితాన్ని మిగిలిపోయిన మరకలకు, మూలలకు, చివరి సవరింపుకు ఉంచుకోండి. ఇల్లంతా దానితోనే చేయబోతే నెలలు పడుతుంది, గుండ్రటి దుంగ మీద అచ్చులూ పడతాయి.

మంటతో కాల్చి గీకే పద్ధతి దుంగల ఇంటి మీద ఎప్పుడూ వద్దు. నెర్రెల్లో ఏళ్లనాటి దుమ్ము, ఎండుటాకులు, పిట్టగూళ్ల పోచలు ఉంటాయి. అవి పైకి కనిపించకుండా గంటల తరబడి రాజుకుని, మీరు పడుకున్నాక అంటుకోవచ్చు.

ఏ దారి ఎంచుకున్నా ముందు రెండడుగుల చదరం ముక్కలో చేసి చూడండి. ఒకటి ఎండ తగిలే గోడ మీద, ఒకటి నీడ గోడ మీద. ఎంతసేపు నానాలో, ఎంత ఒత్తిడి కావాలో ఆ ముక్కే చెబుతుంది.

రసాయనంతో తీయడం

దుంగల ఇళ్లకు అమ్మే స్ట్రిప్పర్లలో (పూత తీసే రసాయనాల్లో) ఎక్కువ భాగం కాస్టిక్ సోడా ఆధారంగా చేసినవి. ఇవి పూతలోని నూనెను సబ్బులా మార్చి కరిగిస్తాయి, అందుకే నూనె రకాల మీద బాగా పనిచేస్తాయి. యాక్రిలిక్‌కు ద్రావకాలతో చేసిన వేరే రకం కావాలి. మిథిలీన్ క్లోరైడ్ ఉన్న డబ్బా కనిపిస్తే పక్కన పెట్టేయండి. దాని ఆవిరి ప్రాణం తీయగలదు.

కాస్టిక్ చర్మాన్ని, కంటిని కాలుస్తుంది. మోచేతుల దాకా వచ్చే రబ్బరు గ్లవ్స్, రబ్బరు బూట్లు, కళ్లకు గాగుల్స్, వాటిపైన ముఖానికి అడ్డుకవచం లేకుండా మూత తీయకండి. నీళ్ల పైపు ఎప్పుడూ దగ్గర పారుతూ ఉండాలి. ఒంటి మీద పడితే కనీసం 15 నిమిషాలు నీళ్లతో కడగాలి. కంట్లో పడితే కడుగుతూనే వైద్యుడికి కబురు పెట్టాలి. అల్యూమినియాన్ని కాస్టిక్ తినేస్తుంది కాబట్టి ఆ లోహంతో చేసిన వాన తూములు, కిటికీ చట్రాలు, దీపాలు ప్లాస్టిక్ షీటుతో మూసి టేపు వేయండి. బయటి గోడ మీదున్న కరెంటు ప్లగ్గులకు సరఫరా ఆపండి. చుట్టూ ఉన్న మొక్కల్ని ముందే బాగా తడిపి కప్పండి, పని అవగానే విప్పండి. ప్లాస్టిక్ కింద ఎండలో ఉంచితే మొక్కలు ఉడికిపోతాయి. దుంగల మధ్య సందులు నింపిన మెటీరియల్ మీద కూడా ఒకచోట పరీక్ష చేయాలి. కొన్ని రకాలు స్ట్రిప్పర్‌కి మెత్తబడతాయి.

ఎండ నేరుగా పడని వేళ, గాలి లేని రోజు మొదలుపెట్టండి. ఒకసారికి పదడుగుల వెడల్పు, నాలుగైదు దుంగల ఎత్తు చాలు. చెక్కను కొద్దిగా తడిపి, స్ట్రిప్పర్‌ని కింది దుంగ నుంచి పైకి పూయండి. పైనుంచి మొదలుపెడితే కారిన ధారలు కింద ఎండిన పూత మీద చారలు పెడతాయి. ఆ చారలు కడిగినా పోవు, కొత్త స్టెయిన్ వేశాక కూడా వాటి జాడ కనిపిస్తుంది. పొర మందంగా ఉండాలి. 15 నుంచి 30 నిమిషాలు నాననివ్వండి. ఆ లోపు ఎక్కడైనా ఆరుతున్నట్టుంటే నీటి తుంపర కొట్టండి. ఆరిపోయిన స్ట్రిప్పర్ కరిగిన పూతతో సహా మళ్లీ గోడకే అతుక్కుంటుంది. పూత ముడతలు పడి, గీకితే బురదలా వస్తుంటే కడగడానికి సిద్ధమైనట్టు. గట్టిగా ఉన్నచోట నైలాన్ బ్రష్‌తో రుద్దండి. ఇనుప బ్రష్, ఇనుప పీచు ముట్టుకోకండి. విరిగిన ఇనుప పోగులు చెక్కలో సహజంగా ఉండే టానిన్ అనే పదార్థంతో కలిసి నల్లటి మచ్చలవుతాయి.

కడగడానికి 25 లేదా 40 డిగ్రీల వెడల్పు నాజిల్ వాడండి. ఒత్తిడి 500 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దగ్గర మొదలుపెట్టి, పని జరగకపోతే 1,000 దాకా వెళ్లండి. నాజిల్ గోడకు అడుగు నుంచి అడుగున్నర దూరంలో ఉండాలి. మెత్తటి దేవదారు, పైన్ జాతుల చెక్క మీద ఇంతకు మించితే ఏం జరుగుతుందో దగ్గరగా చూస్తే తెలుస్తుంది. ఈ చెక్కలో లేత రంగు చారలు మెత్తవి, ముదురు రంగు చారలు గట్టివి. నీటి దెబ్బకు మెత్తవి కొట్టుకుపోయి గట్టివి గట్లలా మిగులుతాయి. వేలితో తడిమితే దువ్వెన పళ్ల మీద జరిపినట్టుంటుంది. అంత లోతు గాడిని ఉప్పు కాగితంతో సరిచేయడం చాలా కష్టం. పూత వదలకపోతే ఒత్తిడి పెంచకండి, రసాయనం ఇంకోసారి పూయండి. పూతను వదిలించాల్సింది రసాయనం, నీళ్లు దాన్ని మోసుకుపోవడానికే.

మొదటి గోడ కడిగేటప్పుడు ఒకరిని ఇంటి లోపల నిలబెట్టండి. నెర్రెల్లోంచి, అతుకుల్లోంచి నీళ్లు లోపలికి చేరుతుంటే వాళ్లకే ముందు కనిపిస్తుంది. నాజిల్‌ని నెర్రెలోకి నేరుగా, కింది నుంచి పైకి ఎప్పుడూ గురిపెట్టకండి.

కడిగాక చెక్క ముదురు గోధుమ రంగుకు, కొన్నిచోట్ల నలుపుకు తిరిగితే కంగారు పడక్కర్లేదు. క్షారం తగిలినప్పుడు టానిన్ అలాగే మారుతుంది. అయితే ఆ క్షారాన్ని విరవకుండా వదిలేస్తే మాత్రం పని చెడుతుంది. చెక్కలో మిగిలిన కాస్టిక్ కొత్త స్టెయిన్‌లోని నూనెను కూడా సబ్బులా మార్చేస్తుంది. అలాంటి స్టెయిన్ జిగటగా ఉండిపోతుంది, సరిగా గట్టిపడదు. ప్లాస్టిక్ బకెట్లో లీటరు గోరువెచ్చటి నీళ్లకు 30 నుంచి 40 గ్రాముల ఆక్సాలిక్ యాసిడ్ లేదా నిమ్మ ఉప్పు కలిపి, తడిగా ఉన్న గోడ మీద కొట్టి, 15 నిమిషాల తర్వాత మంచినీళ్లతో కడగండి. రంగు కళ్ల ముందే తేరుకుంటుంది. ఇనుప మచ్చలుంటే వాటికి ఆక్సాలిక్ యాసిడే కావాలి. అది విషం, పిల్లలకూ పశువులకూ అందనీయవద్దు. ఆఖరుగా తడి చెక్కకు పీహెచ్ కాగితం (ఆమ్లమో క్షారమో రంగుతో చెప్పే కాగితం) అద్ది చూడండి. 6 నుంచి 7 మధ్య ఉంటే సరే, 8 దాటితే ఇంకోసారి యాసిడ్ కొట్టి కడగండి.

బూజు పోవాలని చాలామంది బ్లీచ్ పోస్తారు. బ్లీచ్ చెక్క నారను బలహీనపరుస్తుంది, పైగా ఆక్సాలిక్ యాసిడ్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. బూజుకు సోడియం పర్‌కార్బోనేట్ లీటరుకు 30 నుంచి 60 గ్రాములు కలిపిన నీళ్లు చాలు. అదీ క్షారమే కాబట్టి తర్వాత యాసిడ్ కడుగు తప్పదు.

రవ్వ కొట్టి తీయడం

కంప్రెసర్ గాలితో మొక్కజొన్న కండెల రవ్వనో, నలగ్గొట్టిన గాజు రవ్వనో గోడ మీదికి కొట్టే పద్ధతి ఇది. నిమిషానికి 185 ఘనపుటడుగుల గాలి ఇచ్చే, బండికి తగిలించి లాగే కంప్రెసర్ కావాలి. గ్యారేజీలో ఉండే చిన్నది దీనికి చాలదు. నాజిల్ దగ్గర 60 పీఎస్ఐతో మొదలుపెట్టి అవసరాన్ని బట్టి పెంచండి. కండెల రవ్వ చదరపు అడుగుకు ఇంచుమించు అర కిలో ఖర్చవుతుంది. పూత మందాన్ని బట్టి ఇది బాగా మారుతుంది.

కండెల రవ్వ చెక్క మీద మెత్తగా పనిచేస్తుంది. గాజు రవ్వ వేగం, కానీ చేయి ఒక్క క్షణం ఆగితే చెక్క తరుగుతుంది. మామూలు ఇసుక వాడకూడదు. దాని దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్ని శాశ్వతంగా పాడుచేస్తుంది. కిటికీ అద్దాలకు ప్లాస్టిక్ షీటు చాలదు, ప్లైవుడ్ అడ్డం పెట్టండి, లేకపోతే అద్దం మసకబారుతుంది. కొట్టేవాళ్లకు బయటి గాలి అందించే తలకవచం ఉండాలి.

నాజిల్‌ని అడుగు, అడుగున్నర దూరంలో, గోడకు ఏటవాలుగా పట్టుకుని దుంగ పొడవునా ఆగకుండా కదిలించండి. చెక్క పొడిగా ఉండాలి. తడి చెక్క మీద కొడితే పూతకంటే ముందు నూగు లేస్తుంది. ఈ పద్ధతిలో నీళ్లు లేవు కాబట్టి ఆరే రోజులు కలిసొస్తాయి. నెర్రెల్లో, అతుకుల్లో ఉన్న పూత కూడా వస్తుంది. దీని కష్టమంతా తర్వాత ఊడ్చడంలో ఉంది. పైకి తెరుచుకున్న నెర్రెల్లో కండెల రవ్వ మిగిలిపోతే మొదటి వానకే ఉబ్బి బూజు పడుతుంది. ఒక్కో నెర్రెనూ గాలితో ఊది, వాక్యూమ్‌తో లాగేయండి. రవ్వ దెబ్బకు బూజు బీజాలు చావవు, అవి ఉన్నచోట పైన చెప్పిన పర్‌కార్బోనేట్ కడుగు ఇవ్వాలి.

నూగు, మూలలు, దుంగ కొసలు

నీళ్లతో కడిగినా రవ్వతో కొట్టినా ఆరాక చెక్క మీద సన్నటి నూగు లేస్తుంది. దాన్ని అలాగే వదిలి స్టెయిన్ వేస్తే నూగు రంగంతా పీల్చి, ఆరు నెలలకు రంగుతో సహా రాలిపోతుంది. వేగం మార్చుకునే వీలున్న చేతి గ్రైండర్‌కి (చక్రం తిరిగే కరెంటు పనిముట్టుకి) గరుకు నైలాన్ బ్రష్ తగిలించి, నిమిషానికి 2,000 నుంచి 2,500 చుట్ల దగ్గర, దుంగ వెంట ఒత్తిడి పెట్టకుండా నడపండి. బ్రష్ మీద రాసిన గరిష్ఠ వేగం దాటవద్దు. ఒత్తితే పోగులు కరిగి చెక్కకు పూసుకుంటాయి.

మూలల్లో, కిటికీ అంచుల్లో మిగిలిన పూతకు 60 నంబర్ ఉప్పు కాగితం, తర్వాత 80. అక్కడితో ఆపండి. ఇంకా నున్నగా చేద్దామని 120, 150 దాకా వెళితే చెక్క రంధ్రాలు మూసుకుపోయి స్టెయిన్ లోపలికి దిగదు. దుంగ కొసలకు మాత్రం ఇది తిరగబడుతుంది. కొస దగ్గర చెక్క నాళాలు నోళ్లు తెరుచుకుని ఉంటాయి, స్టెయిన్‌ని అతిగా తాగి నల్లబడతాయి. అక్కడ 100, 120 దాకా నున్నగా చేయడమే మంచిది. ఒక గోడ మీద కొంతభాగం రుద్ది కొంత వదిలేయకండి. రుద్దినచోట ఒక రంగు, రుద్దనిచోట ఒక రంగు వస్తాయి. ఒక దుంగ మొదలుపెడితే ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే తీరుగా పూర్తిచేయాలి.

నూనె పూతను రుద్దిన దుమ్ము సంచిలో దానంతటదే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. రోజూ సాయంత్రం ఆ దుమ్మును మూత ఉన్న ఇనుప డబ్బాలోకి దులిపి, డబ్బాను ఇంటికి దూరంగా ఉంచండి. పాత సిలికాన్ సీలెంటు ఉంటే గీకి మొత్తం తీయండి, దాని మీద స్టెయిన్ నిలవదు.

ఆరబెట్టడం, బోరేట్

నీళ్లు వాడితే కనీసం రెండు మూడు ఎండ రోజులు ఆగి, ముళ్లున్న తేమ మీటర్‌తో చూడండి. 15 శాతం, అంతకంటే తక్కువ వస్తే మంచిది. 18 దాటితే ఆగాల్సిందే. ఎండ గోడ నడుమ కొలిచి సరిపెట్టకండి. కింది వరస, నెర్రెల పక్కన, నీడ గోడ కొలవండి. ఆలస్యంగా ఆరేవి అవే.

చెక్కకు పురుగు, పుచ్చు పట్టకుండా బోరేట్ (నీళ్లలో కరిగే బోరాన్ లవణం) కొట్టాలంటే ఇదే అదను. పూత ఉన్న చెక్కలోకి అది దిగదు. పది శాతం ద్రావణం అంటే తొమ్మిది లీటర్ల గోరువెచ్చటి నీళ్లకు కిలో. దుంగ కొసలకు, కింది వరసలకు రెండుసార్లు పట్టించండి. ఆరాక తెల్లటి ఉప్పు తేలితే తడిగుడ్డతో తుడవండి, దాని మీద స్టెయిన్ పట్టదు. తేమ మీటర్ చెప్పే అంకెను బోరేట్ లవణం ఎక్కువ చేసి చూపిస్తుంది. కాబట్టి నమ్మదగిన కొలత బోరేట్‌కి ముందే రాసి పెట్టుకోండి, తర్వాత ఒకటి రెండు రోజులు అదనంగా ఆరనివ్వండి. స్టెయిన్ పడేలోపు వాన తగిలితే బోరేట్ కరిగి పోతుంది, కాబట్టి వాతావరణం చూసుకుని కొట్టండి.

అలాగని ఒట్టి చెక్కను నెలల తరబడి వదిలేయకూడదు. పోగుల్ని పట్టి ఉంచే లిగ్నిన్‌ను ఎండ కొద్ది వారాల్లోనే విరగ్గొడుతుంది. పైకి పెద్దగా తేడా కనిపించకపోయినా పైపొర అప్పటికే చచ్చిన చెక్క. రెండు వారాలు దాటక ముందే మొదటి కోటు పడేలా, ఇల్లంతా ఒకేసారి విప్పకుండా గోడ తర్వాత గోడ చేసుకోండి. వానల వల్ల అంతకంటే ఆలస్యమైతే 80 నంబర్ కాగితంతో లేతగా ఒక దఫా రుద్ది దుమ్ము దులపండి.

స్టెయిన్ డబ్బా తెరిచే రోజు పొద్దున మళ్లీ స్ప్రే సీసా తీసుకుని గోడకు పది చోట్ల చల్లండి. చూరు కింద, కిటికీ పక్కన, దుంగల అతుకుల్లో, నెర్రె అంచున తప్పకుండా చూడండి. చుక్కలు అర నిమిషంలో ఇంకిపోవాలి, తడిసిన మచ్చలన్నీ ఒకే రంగులో కనిపించాలి. ఎక్కడైనా చుక్క నిలబడితే అక్కడ పాత పూత ఉన్నట్టే. అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టి, 60తో రుద్ది, 80తో సరిచేసి, సుద్ద తుడిచి, మళ్లీ నీళ్లు చల్లి చూడండి. తడి పూర్తిగా ఆరాక మొదటి దుంగ ఒక కొస నుంచి స్టెయిన్ మొదలుపెట్టండి.